పిల్లల చేతికి ఏ ఫోన్, ఏ వయసులో, ఎవరి కళ్ల ముందు?

ఆరో తరగతికి వచ్చిన పిల్లలున్న ఇళ్లలో ఫోన్ ఎలాగూ వాళ్ల చేతికి వచ్చేసింది. హోంవర్క్ స్కూలు వాట్సాప్ గ్రూపులో వస్తుంది, సైన్స్ టీచర్ వీడియో లింకు పంపుతారు, ప్రాజెక్టుకి కావలసిన బొమ్మలు నెట్‌లోనే వెతకాలి. గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే పిల్లల తల్లిదండ్రులు అడిగేది కూడా ఇదే: "ఇవ్వక తప్పేలా లేదు మాస్టారూ, ఇచ్చేదేదో ఎలా ఇవ్వమంటారు?"

నాలుగైదు పద్ధతులున్నాయి. ధర, కెమెరా, బ్యాటరీ చూసి ఎంచుకోవాలంటే విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏ షాపుకి వెళ్లినా చెబుతారు. నేను మాత్రం ప్రతి పద్ధతినీ ఒకే ప్రశ్నతో తూస్తాను. తెలియనివాడెవడో ఫొటో అడిగాడు, లేదా ఆటలో డబ్బులు పోయాయి, లేదా చూడకూడని వీడియో కంటపడింది. ఆ రోజు ఈ పిల్లాడు ఇంట్లో ఎవరికైనా చెబుతాడా? చెప్పే వీలు మిగిల్చే పద్ధతికే నా ఓటు. ఎంత గట్టి తాళం వేసినా, పిల్లలు భయపడి దాచుకునేటట్టయితే ఆ తాళం వల్ల ఉపయోగం లేదు.

అమ్మ ఫోన్, అమ్మమ్మ ఫోన్

మన దగ్గర ఎక్కువ ఇళ్లలో నడుస్తున్నది ఇదే. విడిగా ఖర్చు లేదు. అమ్మకి మళ్లీ ఫోన్ కావాలి కాబట్టి గంటల తరబడి పిల్లల దగ్గర ఉండిపోదు. ఐదో తరగతి లోపు పిల్లలకి ఇంతకంటే అవసరం కూడా లేదు.

కాకపోతే అది పెద్దవాళ్ల ఫోన్. అందులోని గూగుల్ ఖాతా వయసు ముప్పై అయిదో, నలభయ్యో ఉంటుంది. యూట్యూబ్ ఆ వయసు మనిషికి చూపించేవే పిల్లాడికీ చూపిస్తుంది, ప్రకటనలూ అవే. ఇంటి డబ్బు కూడా అందులోనే ఉంది. పిన్ అడుగుతుంది కదా అని ధైర్యంగా ఉంటాం గానీ, యూపీఐ లైట్ పెట్టుకుని ఉంటే ఒక్కోసారికి వెయ్యి రూపాయల దాకా పిన్ లేకుండానే వెళ్లిపోతాయి. కూరగాయల బండి దగ్గర అది మంచి సౌకర్యం. పిల్లలు వాడే ఫోన్‌లో మాత్రం తీసేయండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో ఒక ఏపీకే ఫైలు (నొక్కగానే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పంపి ఫోన్‌లోకి చొరబడే మోసం ఈ మధ్య బాగా నడుస్తోంది. పెద్దవాళ్లు ఎవరిదో తెలియని శుభలేఖ దగ్గర ఒక క్షణం ఆగుతారు. పిల్లలు ఆగరు, నొక్కేస్తారు. ఫైలు పేరు చివర ఏపీకే అని మూడు ఇంగ్లీషు అక్షరాలుంటే ముట్టుకోకూడదని మూడో తరగతి పాపకి కూడా నేర్పవచ్చు. అక్షరాలు కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా బాగా గుర్తుంటుంది.

ఈ పద్ధతిలో చేయాల్సిన మంచి పని ఒకటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగుల్లో 'మల్టిపుల్ యూజర్స్' అని కనిపిస్తుంది. అక్కడ పిల్లల కోసం రెండో యూజర్‌ని తెరిస్తే మీ మెసేజ్‌లు, ఫొటోలు, బ్యాంకు యాప్‌లు వాళ్ల వైపు కనపడవు. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది ఉండదు. అప్పుడు బ్యాంకు యాప్‌లకి యాప్ లాక్ పెట్టండి, లేదా తెర మీద ఒక్క యాప్ మాత్రమే నిలిచి ఉండేలా చేసే యాప్ పిన్నింగ్ వాడండి. ఐఫోన్‌లో దీనికి సమానమైనది గైడెడ్ యాక్సెస్.

వేసవి సెలవుల్లో తెనాలికో పొన్నూరుకో వెళితే ఈ ఏర్పాట్లేవీ అక్కడ ఉండవు. అమ్మమ్మ ఫోన్‌కి లాక్ ఉండదు, తాతయ్య అడిగిందే తడవుగా చేతికిచ్చేస్తారు. పంపేముందు ఒక అరగంట కూర్చుని ఆ ఫోన్ కూడా సర్దండి. ఫోన్ అసలే ఇవ్వొద్దంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, చాటుగా ఇచ్చేస్తారు కూడా. "హాల్లో కూర్చుని చూడమను అమ్మా, గదిలోకి మాత్రం తీసుకెళ్లనివ్వకు" అంటే అర్థం చేసుకుంటారు.

నా ప్రశ్నకి అమ్మ ఫోన్ బాగానే నిలుస్తుంది. తిరిగి ఆమె చేతికే వెళ్లాలి కాబట్టి జరిగింది చాలా వరకు బయటపడుతుంది. పిల్లలు హిస్టరీ చెరపడం నేర్చుకున్నాక ఆ లాభం పోతుంది. ఐదో తరగతికల్లా ఆ విద్య వచ్చేస్తుంది, అంతకంటే ఆలస్యం కాదు.

కీప్యాడ్ ఫోన్

సాయంత్రం సైకిల్ మీద ట్యూషన్‌కి వెళ్లి ఎనిమిదిన్నరకి వచ్చే పిల్లలకి "క్లాసు ఆలస్యమైంది", "వాన పడుతోంది, రండి నాన్నా" అని చెప్పడానికి ఒక ఫోన్ చాలు. రెండు వేల లోపు వస్తుంది, కింద పడినా పెద్దగా ఏమీ కాదు, ఛార్జింగ్ రోజుల తరబడి నిలుస్తుంది. కొనేముందు పెట్టె మీద రాసింది చదవండి. 4జీ కీప్యాడ్ ఫోన్లలో కొన్నిటికి ఇప్పుడు యూట్యూబ్ వీడియోలు, యూపీఐ కూడా వస్తున్నాయి. రీఛార్జ్ విషయంలో 2025 జనవరి నుంచి కాల్స్, ఎస్సెమ్మెస్‌లకి మాత్రమే ప్యాక్‌లు కూడా దొరుకుతున్నాయి. షాపులో వాళ్లంతట వాళ్లు చూపించరు, అడిగి వేయించుకోవాలి. 18 ఏళ్ల లోపు వాళ్లకి సిమ్ ఇవ్వరు కాబట్టి నంబరు మీ పేరు మీదే ఉంటుందని గుర్తుంచుకోండి.

తోటి పిల్లలు నవ్వుతున్నారని గొడవ పడతారు. ఆ బాధ నిజమైనదే, తేలిగ్గా తీసేయకండి. ఎప్పటిదాకా ఈ ఫోనో ఒక గడువు చెప్పండి. "తొమ్మిదో తరగతి దాకా" అంటే ఆ మాట పట్టుకుని ఆగుతారు. "చూద్దాంలే" అంటే రోజూ అడుగుతారు.

దీని లోటు ఏమిటంటే, దారిలో భద్రత ఇస్తుంది గానీ నెట్‌లో ఎలా మసలుకోవాలో ఏమీ నేర్పదు. ఇది ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే పిల్లలు మిగతాదంతా పక్కింటి స్నేహితుడి ఫోన్‌లో నేర్చుకుంటారు. దీనికి జోడీగా ఇంట్లో ఇంకొకటి ఉండాలి.

హాల్లో టీవీ, హాల్లో కంప్యూటర్

ఆ ఇంకొకటి ఇదే. ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన ఈ పాత పద్ధతి ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి అన్నిటికంటే మంచిదని గట్టిగా నమ్ముతాను. టీవీలో యూట్యూబ్ పెడితే శబ్దం వంటింటి దాకా వినిపిస్తుంది. "ఏంట్రా ఆ మాటలు?" అని అమ్మ అక్కడి నుంచే అడుగుతుంది, వాడు ఏదో ఒకటి చెప్పాలి. అలా మాట మొదలవుతుంది. చెప్పడం అలవాటయ్యేది అలాంటి చిన్న మాటలతోనే. పెద్ద సమస్య వచ్చిన రోజు హఠాత్తుగా రమ్మంటే ఆ అలవాటు రాదు. అందుకే నిమిషాల లెక్క కంటే ఇయర్‌ఫోన్స్ లెక్క ముఖ్యమంటాను. గంటన్నర బయటికి వినపడేలా చూసినా ఫరవాలేదు, చెవుల్లో పెట్టుకుని అరగంట చూస్తేనే నాకు టెన్షన్.

పాత కంప్యూటరో, ల్యాప్‌టాపో ఉంటే తెర గోడవైపు కాకుండా మనుషులు తిరిగే వైపు ఉండేలా పెట్టండి. వైఫై ఉన్నవాళ్లు రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 1.1.1.3, దాని కింద 1.0.0.3 అని పెట్టించుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 నుంచి ఉచితంగా ఇస్తున్న వడపోత ఇది. అశ్లీల సైట్లు, వైరస్ అంటించే సైట్లు ఇంట్లో ఏ పరికరంలోనూ తెరుచుకోకుండా ఆపుతుంది. నెట్ బిగించడానికి వచ్చే అబ్బాయిని అడిగితే పెడతాడు. అయితే యూట్యూబ్ లోపల ఏ వీడియో వస్తుందో ఇది ఆపలేదు, మొబైల్ డేటా ఆన్ చేస్తే ఇది అసలు పనిచేయదు.

ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లి, పిల్లలు నాలుగింటి నుంచి ఏడింటి దాకా ఒంటరిగా ఉండే ఇళ్లలో ఈ పద్ధతి బలం సగం తగ్గుతుంది. హాల్లో మనుషులు లేకపోతే హాలయినా గదయినా ఒకటే. వాళ్లకి తర్వాతది అవసరం.

పిల్లల ఖాతాతో స్మార్ట్‌ఫోన్

ఇంట్లోని పాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పిల్లల పేరున వేరే గూగుల్ ఖాతా తెరిచి, దాన్ని ఫ్యామిలీ లింక్‌తో మీ ఫోన్‌కి కలిపి ఇవ్వడం ఈ పద్ధతి. ఫ్యామిలీ లింక్ ఉచితం, గూగుల్ 2017లో తెచ్చింది. పిల్లలు ఏ యాప్ వేసుకోవాలన్నా మీ అనుమతి అడుగుతుంది. రోజుకి ఎంతసేపో, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలో మీరే పెడతారు. ఫోన్ ఎక్కడుందో కనపడుతుంది. మీది ఐఫోన్ అయినా పిల్లలది ఆండ్రాయిడ్ అయితే పనిచేస్తుంది. పిల్లలదే ఐఫోన్ అయితే 2018 నుంచి అందులోనే ఉన్న స్క్రీన్ టైమ్ వాడుకోవాలి.

ఇది ఏం చేయదో కూడా తెలియాలి. వాట్సాప్‌లో ఎవరితో ఏం మాట్లాడుతున్నారో చెప్పదు. ఆటలో ఎవరు మైకులో తిడుతున్నారో వినదు. ఒక యాప్‌ని మీరు ఒప్పుకున్నాక దాని లోపల జరిగేదంతా దీని చూపుకి అందదు. "ఫ్యామిలీ లింక్ పెట్టేశాను, ఇక నిశ్చింత" అనుకున్న ఇళ్లలో ఆ తర్వాత మాటలే తగ్గిపోవడం చూశాను. అదే నాకు దిగులు.

ఖాతా తెరిచేటప్పుడు పుట్టినతేదీ నిజమైనదే ఇవ్వండి. ఇది చాలా చిన్న విషయంలా కనపడుతుంది గానీ తర్వాత జరిగే సగం అనర్థాలకి మూలం ఇక్కడే. పదేళ్ల పిల్లాడికి పదమూడని రాసి ఖాతా తెరిచామనుకోండి. వాడికి నిజంగా పదిహేను వచ్చేసరికి ఆ యాప్ దృష్టిలో పద్దెనిమిది నిండిపోతాయి, పిల్లల కోసం పెట్టిన రక్షణలన్నీ ఒక్కసారిగా తొలగిపోతాయి. పైగా "నెట్‌లో అబద్ధం చెప్పొచ్చు" అనే మొదటి పాఠం మనమే నేర్పినట్టవుతుంది.

ఎవరికి ఏది అంటే నా సలహా ఇది. ఐదో తరగతి లోపు అమ్మ ఫోన్‌లో రెండో యూజర్, లేదా టీవీ. ఆరు నుంచి ఎనిమిది దాకా బయటికి కీప్యాడ్ ఫోన్, ఇంట్లో హాలు. తొమ్మిది, పది తరగతుల్లో పిల్లల ఖాతాతో పాత స్మార్ట్‌ఫోన్, రాత్రి పదింటికల్లా ఛార్జింగ్ అమ్మానాన్నల గదిలో. పెద్దవాళ్లు ఇంట్లో లేని ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒక ఏడాది ముందే ఇవ్వాల్సి రావచ్చు, తప్పులేదు. ఆటోనగర్‌లోనో మిర్చి యార్డులోనో పొద్దుపోయేదాకా పనిచేసే తండ్రికి, ఇంట్లో ఉండే తల్లిదండ్రులకి ఒకే నియమం సరిపడదు.

యూట్యూబ్ మూడు రకాలు

ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి యూట్యూబ్ కిడ్స్ ఒక్కటే పెట్టండి. అందులో వెతికే వీలు ఆపేయవచ్చు, మీరు ఎంచిన ఛానళ్లు మాత్రమే వచ్చేలా కూడా చేయవచ్చు. తెలుగు పాటలు, కథలు బోలెడున్నాయి. మీరు ఒక ఆదివారం కూర్చుని పది పదిహేను ఛానళ్లు ఎంచిపెడితే చాలా కాలం సరిపోతుంది.

తొమ్మిది దాటాక పిల్లలు "అది చిన్నపిల్లలది" అని తీసి పారేస్తారు. అప్పుడు మామూలు యూట్యూబ్‌నే పర్యవేక్షణతో నడిపే పద్ధతి ఉంది. పిల్లల ఖాతా ఉంటే 'ఎక్స్‌ప్లోర్' అనే స్థాయి తొమ్మిదేళ్ల పైవాళ్లకి, 'ఎక్స్‌ప్లోర్ మోర్' పదమూడు దాటినవాళ్లకి. పాఠాలకి ఇది సరిపోతుంది. మూడోది ఏ కట్టడీ లేని మామూలు యూట్యూబ్. దానిలో కనీసం పెద్దల వీడియోలని కొంత వరకు దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేసి, హిస్టరీ ఎప్పుడూ చెరపకూడదనే ఒప్పందం చేసుకోండి.

ఈ మూడింటిలోనూ వడపోత పూర్తిగా పనిచేస్తుందని నమ్మొద్దు. ముఖ్యంగా తెలుగు బూతుల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే వడపోతలు తరచుగా వదిలేస్తాయి.

వాట్సాప్ ముందా, ఇన్‌స్టాగ్రామ్ ముందా

రెండింటికీ కనీస వయసు 13. ఆ వయసు రాగానే రెండూ ఒకేసారి అడుగుతారు. నేనైతే వాట్సాప్ ముందు, ఇన్‌స్టాగ్రామ్ రెండేళ్ల తర్వాత అంటాను. వాట్సాప్‌లో ఎదుటివాళ్లు చాలా వరకు తెలిసిన మనుషులు. ఇన్‌స్టాలో రీల్ తర్వాత రీల్ తనంతట తానే వస్తూ ఉంటుంది, చూపించేదెవరో తెలియదు.

వాట్సాప్ ఇచ్చిన రోజే సెట్టింగుల్లోకి వెళ్లి నాలుగు మార్చండి. గ్రూపుల్లో చేర్చే వీలు కాంటాక్ట్‌లకి మాత్రమే. ప్రొఫైల్ ఫొటో కాంటాక్ట్‌లకి మాత్రమే. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా సైలెన్స్. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్. లింక్డ్ డివైసెస్‌లో మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉందేమో అప్పుడప్పుడు చూడండి.

అసలు గొడవలు బయటివాళ్లతో కంటే పిల్లలు సొంతంగా పెట్టుకునే క్లాసు గ్రూపుల్లోనే వస్తాయి. ఒకమ్మాయి ఫొటో మీద మీసాలు గీసి పెడతారు, ఒక టీచర్ నడక వీడియో తీసి పెడతారు, నవ్వే బొమ్మలు ఇరవై పడతాయి. భద్రత గురించి ఎంత చెప్పినా ఈ రెండో సగం, అంటే మన పిల్లలు ఎదుటివాళ్లని బాధపెట్టకుండా ఉండటం, ఎవరూ చెప్పరు. మా ట్యూషన్‌లో ఒక నియమం పెట్టాను: ఎవరి ఫొటో అయినా వాళ్లని అడక్కుండా గ్రూపులో పెట్టకూడదు. అడిగితే చాలామంది వద్దంటారని పిల్లలకే ఆశ్చర్యమేసింది.

ఇంకో విషయం మన ప్రాంతానికి చెందినదే. కుర్రాళ్లు కామెంట్లలో తిట్లు నేర్చుకునేది ఎక్కువగా హీరోల అభిమానుల గొడవల్లో. సినిమా మీద మొదలై కులం దాకా, ఇంట్లో ఆడవాళ్ల దాకా పోతుంది. పద్నాలుగేళ్లవాడు అవతల ఎవరో తెలియకుండా రాసిన మాట స్క్రీన్‌షాట్‌గా ఏళ్ల తరబడి తిరుగుతుంది. "నీకు ఆ హీరో ఇష్టం సరే, ఈ మాట అవతలివాళ్ల అమ్మ చదివితే?" అని ఇంట్లో ఒకసారి ప్రశాంతంగా అడగండి. లెక్చర్ కంటే అది బాగా పనిచేస్తుంది.

ఇన్‌స్టా ఇవ్వాల్సి వస్తే 2025 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చిన టీన్ అకౌంట్లు కొంత మేలు చేస్తాయి. ఖాతా మొదటి నుంచే ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివాళ్లు మెసేజ్ పంపలేరు, గంట దాటితే గుర్తుచేస్తుంది, రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు ఆగుతాయి. పదహారు లోపు వాళ్లు వీటిని సడలించాలంటే పెద్దవాళ్ల అనుమతి కావాలి. నిజమైన వయసు ఇచ్చి ఉంటేనే ఇవన్నీ. హిడెన్ వర్డ్స్ అనే చోట మీకు తెలిసిన తెలుగు తిట్లని తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ చేర్చండి, అలాంటి మాటలున్న కామెంట్లు కనపడవు.

ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ల లోపు వాళ్లకి సోషల్ మీడియా ఖాతాలే లేకుండా చేసింది. ఇక్కడా అలాంటి చట్టం వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఇంట్లో మీరు ఆ నిర్ణయం ఈ రోజే తీసుకోవచ్చు.

ఆటల గురించి క్లుప్తంగా

ఒంటరిగా ఆడే ఆటకీ, తెలియనివాళ్లతో మైకులో మాట్లాడుతూ ఆడే ఆటకీ చాలా తేడా ఉంది. మొదటిది సమయం తింటుంది, అంతే. రెండోదానిలో వాయిస్ చాట్ ఆపేసి, స్నేహితుల జాబితాలో ముఖం తెలిసిన పిల్లలు మాత్రమే ఉండాలి. "ఫ్రీ డైమండ్స్" లింకులన్నీ మోసమే. డబ్బు పెట్టి ఆడే ఆటలని కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చి నిషేధించింది, మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని, బెట్టింగ్‌ని ఆపింది. అయినా వీడియోల మధ్యలో బెట్టింగ్ ప్రచారం కనపడితే అది చట్టవిరుద్ధమని పిల్లలకి సూటిగా చెప్పండి.

రహస్యంగా చూడాలా, చెప్పి చూడాలా

పిల్లలకి తెలియకుండా వాళ్ల చాట్‌లు చదివే యాప్‌లు అమ్ముతున్నారు. నేను వద్దంటాను, రెండు కారణాలతో. మీ పాప ఫొటోలు, మాటలు ఎక్కడి సర్వర్‌కో వెళ్లి చేరతాయి, అది నడిపేదెవరో మీకు తెలియదు. రెండోది, పిల్లలు ఏదో ఒక రోజు కనిపెడతారు. ఆ తర్వాత ఇంకో ఫోన్, ఇంకో ఖాతా మొదలవుతాయి. అంతటితో వాళ్లు మీకు చెప్పడం ఆగిపోతుంది.

చెప్పి చూడటం వేరు. "ఆదివారం సాయంత్రం నీ ఫోన్ ఇద్దరం కలిసి చూద్దాం" అని ముందే అనుకోండి. స్నేహితురాలితో మాట్లాడుకున్నదంతా చదవక్కర్లేదు. కొత్తగా చేరిన గ్రూపులు, పేరు లేని నంబర్లు, కొత్త యాప్‌లు, ఏ యాప్‌లో ఎంత సమయం పోయిందో చూస్తే సరిపోతుంది. పదిహేను నిమిషాల పని. పిల్లలు అదే సమయంలో మీ ఫోన్ కూడా చూస్తామంటే చూడనివ్వండి, నా దగ్గరకి వచ్చే ఒకరింట్లో అలాగే చేస్తున్నారు, అక్కడ గొడవే లేదు.

పిల్లలు ఎందుకు దాస్తారని అడిగితే తొమ్మిదో తరగతి వాళ్లు నాకు చెప్పిన జవాబు ఒకటే: "చెబితే ఫోన్ లాక్కుంటారు సార్." అందుకే ఫోన్ ఇచ్చే రోజే మాటివ్వండి, నువ్వు నీ అంతట నువ్వు వచ్చి చెబితే ఆ కారణంతో ఫోన్ తీసుకోనని. ఎంత కోపం వచ్చినా ఆ మాట నిలబెట్టుకోండి.

చెప్పిన రోజు ఏం చేయాలో కూడా ముందే తెలిసి ఉండాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బుని ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లలని వేధించడం, బెదిరించడం లాంటివైతే 1098 చైల్డ్‌లైన్ రాత్రీ పగలూ పలుకుతుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకి సంబంధించిన ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా చేయవచ్చు. నగ్న ఫొటో బయటపెడతానని ఎవరైనా బెదిరిస్తే డబ్బు పంపొద్దు, చాట్ చెరపొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి ఆ తర్వాత బ్లాక్ చేయండి. పద్దెనిమిది లోపు వాళ్ల కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటకుండానే దానికొక గుర్తింపు సంఖ్య తయారవుతుంది, ఆ సేవలో చేరిన ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివి దాని సాయంతో ఆ ఫొటోని పట్టుకుని తీసేస్తాయి. అలాంటి ఫొటో తోటి విద్యార్థిదైనా సరే, సరదాకి ఫార్వర్డ్ చేయడం పోక్సో, ఐటీ చట్టాల కింద నేరమని మగపిల్లలకి తప్పకుండా చెప్పండి. వాళ్లకి నిజంగా తెలియదు.

హాస్టల్ నుంచి వచ్చిన పిల్లలు

పోరంకి, గూడవల్లి వైపు హాస్టళ్లలో ఇంటర్ చదివే పిల్లలకి రెండేళ్లు ఫోన్ ఉండదు. తల్లిదండ్రులకి అది నిశ్చింత. మార్చిలో పరీక్షలయి, ఈఏపీసెట్ కూడా రాశాక, ఇంజనీరింగ్‌లో చేరే రోజు కొత్త ఫోన్ కొనిచ్చి వేరే ఊరు పంపేస్తారు. పదిహేడేళ్ల పిల్లాడు స్మార్ట్‌ఫోన్, యూపీఐ, ఇన్‌స్టా, కొత్త స్నేహితులు అన్నీ ఒకే వారంలో, పక్కన ఎవరూ లేకుండా మొదలుపెడతాడు. లోన్ యాప్‌లు, ఇంట్లో కూర్చుని సంపాదించమనే మెసేజ్‌లు, సీటు ఇప్పిస్తామనే కాల్స్ సరిగ్గా ఆ సమయంలోనే వస్తాయి.

రెండు దారుల్లో నేను ఎంచుకునేది ముందుగా ఇవ్వడం. ప్రవేశ పరీక్ష అయిన వారంలోనే, ఇంట్లో ఉన్నప్పుడే ఇవ్వండి. కాలేజీలు తెరిచేలోపు దొరికే వారాలు నేర్పడానికి బాగా సరిపోతాయి. ఈ వయసులో ఫ్యామిలీ లింక్ పెట్టకండి, అవమానంగా భావిస్తారు. దాని బదులు తక్కువ డబ్బున్న వేరే బ్యాంకు ఖాతాకి యూపీఐ కలిపి, ఇంటి సామాన్లు, కరెంటు బిల్లు వాళ్ల చేతే కట్టించండి. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదన్నది అప్పుడు చేతితో చేసి తెలుసుకుంటారు. సీటు ఇప్పిస్తామని మెసేజ్ వస్తే మీతో కలిసి చదవమనండి, ఎక్కడ అనుమానం రావాలో వాళ్లనే చెప్పమనండి. తమ్ముడికో చెల్లికో ఇన్‌స్టా సెట్టింగులు పెట్టే బాధ్యత కూడా వాళ్లకే ఇవ్వండి, అవి బాగా వంటబడతాయి. ఖరీదైన ఫోన్ కాలేజీలో చేరాక కొనవచ్చు. అప్పటిదాకా నాన్న పాత ఫోన్‌లో కొత్త సిమ్ వేసి ఇస్తే సరిపోతుంది.